హాలు కట్టేవారికి, మైకు పెట్టేవారికి ఒక విన్నపం

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల ఫంక్షన్ హాళ్ల యజమానులకు, గుడి కమిటీలకు, బ్యాంకు మేనేజర్లకు, మైక్‌సెట్ నడిపే సోదరులకు, పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ ఈ విన్నపం.

మన దగ్గర వినికిడి తగ్గినవాళ్లు తక్కువేమీ కాదు. వయసుతో వచ్చే చెవుడు ఎక్కడైనా ఉన్నదే. దానికి తోడు మనది సున్నపురాయి నేల. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీలు. ఏళ్ల తరబడి మోతలో పనిచేస్తే వచ్చే వినికిడి లోపాన్ని చట్టమే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది.

ఇలాంటివారిలో చాలామంది చెప్పేది ఒకటే: ‘వినపడుతోంది గానీ అర్థం కావడం లేదు.’ ముందుగా పోయేవి సన్నటి ధ్వనులు. అచ్చులు చెవిన పడతాయి, హల్లులు జారిపోతాయి. తాత, కాక, పాప మూడూ ఒకేలా తోస్తాయి. మనం గట్టిగా అరిస్తే అచ్చు పెద్దదవుతుందే తప్ప హల్లు తిరిగి రాదు.

చెవి మిషన్ పెట్టుకుంటే ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చాలావరకు నయం. పెళ్లి హాల్లో మాత్రం చూడండి. ముందు వరసలో కూర్చున్న పెద్దాయన కాసేపటికే మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుంటారు. ‘వేలు పోసి కొన్నా వాడరు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. తప్పు ఆయనది కాదు. మాట్లాడే మనిషి ఎక్కడో వేదిక మీద ఉంటాడు. ఫ్యాన్ల రొద, పిల్లల గోల, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే స్పీకర్ల మోత మాత్రం చెవి పక్కనే ఉంటాయి. మిషన్ వీటన్నిటినీ కలిపే పెంచుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. హాల్లో ప్రతిధ్వని కూడా కలిసి ఆ మాటను చెరిపేస్తుంది.

దీనికి ఉపాయం ఎప్పటినుంచో ఉంది. పేరు హియరింగ్ లూప్. హాలు అంచు వెంట ఒక తీగ పరిచి, దాన్ని ప్రత్యేక ఆంప్లిఫైయర్ ద్వారా మైక్‌సెట్‌కు కలుపుతారు. మైకులో మాట్లాడినప్పుడు ఆ తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. చెవి మిషన్‌లో టెలికాయిల్ అనే చిన్న తీగచుట్ట ఉంటే, స్విచ్‌ను ‘టి’ దగ్గర పెట్టగానే మైకులోని మాట నేరుగా చెవికి చేరుతుంది. మధ్యలోని గోల దారిలో అడ్డం రాదు. అద్దం వెనకున్న బ్యాంకు కౌంటరుకైతే చిన్న లూప్ చాలు. టెలికాయిల్ లేనివారికి హెడ్‌ఫోన్ ఉన్న రిసీవర్ ఇవ్వొచ్చు.

ఇలాంటి ఏర్పాటు దయ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ప్రైవేటు సేవలు రెండూ అందరికీ అందుబాటులో ఉండాలంటోంది. అందుకే మా విన్నపాలు ఇవి.

హాళ్ల యజమానులారా, గుడి కమిటీ పెద్దలారా: కొత్తగా కట్టేటప్పుడు, మరమ్మతులు చేయించేటప్పుడు నేల వేయకముందే తీగకు దారి వదలండి. తర్వాత తవ్వడం ఖర్చు. లూప్ బిగించాక చెవి మిషన్ వాడే ఒకరిని పిలిచి హాలంతా తిప్పి పరీక్షించండి. గుమ్మం దగ్గర లూప్ ఉందని బోర్డు పెట్టండి.

బ్యాంకులు, తహసీల్దారు కార్యాలయాల అధికారులారా: కనీసం ఒక్క కౌంటరుకు లూప్ పెట్టించండి. అప్పటిదాకా ఒక పలకో కాగితమో దగ్గరుంచి రాసి చూపించండి.

మైక్‌సెట్ సోదరులారా: సౌండ్ పెంచడం కన్నా మైకును నోటికి దగ్గర పెట్టించడం మేలు. స్పీకరును పెద్దవాళ్ల చెవుల మీదికి తిప్పకండి.

ఇంట్లోవాళ్లారా: పెద్దవాళ్లను ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి, ఆడియోమెట్రీ పరీక్ష చేయించండి. ఒక్కోసారి అడ్డం గులిమి కూడా కావచ్చు. మిషన్ కొనేటప్పుడు టెలికాయిల్ ఉందా అని అడగండి. మరీ చిన్న మిషన్లలో చాలావాటికి అది ఉండదు. కొనే స్తోమత లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం ఉంది. పేద వృద్ధులకు 2017లో మొదలైన వయోశ్రీ పథకం కింద కూడా చెవి మిషన్లు ఇస్తారు. దివ్యాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో వాకబు చేయండి.

ఏటా మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. వచ్చే మార్చి 3 నాటికి జగ్గయ్యపేటలో ఒక హాలు, నందిగామలో ఒక హాలు లూప్‌తో సిద్ధం కావాలి. ముందుకొచ్చే యజమాని ఎవరో, అడిగే ఊరు ఏదో తేల్చుకోవాల్సింది మనమే. ఈసారి మీ ఇంటి శుభకార్యానికి హాలు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా, పార్కింగ్ ఉందా అని అడిగే నోటితోనే లూప్ ఉందా అని కూడా అడగండి.