నెంబరిచ్చింది బిల్లు కోసమే!

ఆబిడ్స్‌లో ఆదివారం పొద్దున మూసి ఉన్న కొట్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. వీలు దొరికినప్పుడల్లా వెళ్లి వెతుక్కోవడం నాకో సరదా. మొన్న కూడా రెండు పుస్తకాలు బేరమాడి తెచ్చుకున్నాను. ఆ పుస్తకాలబ్బాయి నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. డబ్బు తీసుకున్నాడు, పుస్తకాలు చేతికిచ్చాడు, అంతే.

అదే వారం అక్కడే ఓ బట్టల కొట్టులో జాకెట్టు గుడ్డ ఒక్క మీటరు కొన్నాను. కౌంటరులో కుర్రాడు తలెత్తకుండానే "మేడమ్, మొబైల్ నెంబర్" అన్నాడు. "ఎందుకు బాబూ?" అన్నాను. "నెంబర్ లేకపోతే కంప్యూటర్ బిల్లు తీసుకోదు మేడమ్." వెనకాల పదిమంది నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు వాదన పెట్టుకోవడం ఎందుకని చెప్పేశాను.

ఇక చూడండి. పొద్దున్నే గుడ్ మార్నింగ్. మధ్యాహ్నం ఆఫర్. రాత్రి పదకొండింటికి కొత్త స్టాకు ఫోటోలు. వాట్సాప్ మోగుతూనే ఉంది. ఇంతా చేసి నేను కొన్నది మీటరు గుడ్డ!

నాది విసుగు. మా పక్క ఫ్లాటు అమ్మాయిది భయం. ఆమె కూడా ఒక కొట్టులో బిల్లు కోసమే నెంబరిచ్చింది. రెండు రోజుల తర్వాత రాత్రివేళ ఆ కొట్టులో పనిచేసే ఒకతను సొంత ఫోను నుంచి "హాయ్ మేడమ్, డీపీ బాగుంది" అని పంపాడు. ఆమె జవాబివ్వలేదు. మళ్లీ పంపాడు. అది భర్త కంట పడింది. "ఎవరితను? నీ నెంబరు ఎలా తెలిసింది?" అన్న ప్రశ్న ఆమెకే వచ్చింది గానీ పంపినవాడికి రాలేదు. చివరకు నెంబరు మార్చేసింది. బ్యాంకు, గ్యాసు, పిల్లల బడి, ఆధార్... అన్నిచోట్లా కొత్త నెంబరు ఎక్కించడానికి నెలరోజులు తిరిగింది. "నేనేం తప్పు చేశానాంటీ?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు నాకు.

అందుకే ఇదేదో చిన్న చికాకులే, మ్యూట్‌లో పెడితే సరిపోతుందిలే అనుకోలేకపోతున్నాను. ఆడవాళ్ల ఫోను నెంబరు ఎవరి చేతిలో పడిందన్నది మన ఇళ్లలో ఇంకా పరువు మర్యాదల విషయమే. ఇది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. ఆ భారం మోస్తున్నది మాత్రం మనమే.

ఆబిడ్స్ అన్న పేరు కూడా ఒక కొట్టు వల్ల వచ్చిందే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆబిడ్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెడితే, ఆ పేరే ఈ చోటికి స్థిరపడిపోయింది. కొట్టు మీద గురి కుదిరితే జనం పేరు నిలబెడతారు. ఆ రోజుల్లో కొట్టు కబురు పోస్టుకార్డులో వచ్చేది. పోస్ట్‌మాన్ పగటిపూట తెచ్చి గుమ్మంలో ఇచ్చేవాడు. ఇప్పటి కబురు పడకగదిలోకి, దిండు పక్కకు వచ్చేస్తోంది. గుమ్మం దగ్గర ఆగే మర్యాద ఎవరు నేర్పాలి?

చట్టం కొంత చెబుతోంది. బిల్లు కోసం ఫోను నెంబరు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో వ్యాపారులకు చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే వివరాలు తీసుకోవాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, ఆ ఒప్పుకోలు వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. ఇదీ దాని సారాంశం. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి గానీ, వ్యాపారుల ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. మామూలు ఫోన్‌కాల్స్, ఎస్సెమ్మెస్‌ల మీద 1909కి చెప్పుకోవచ్చు. వాట్సాప్ సందేశాలకు ఆ కట్టడి వర్తించదు. చాలామంది వ్యాపారులు ఇటు మళ్లడానికి అదీ ఒక కారణమే.

అలాగని వాట్సాప్‌కు నియమాలు లేకపోలేదు. కస్టమరు ఒప్పుకుంటేనే వ్యాపార సందేశం పంపాలి, వద్దంటే ఆపాలి అన్నది ఆ కంపెనీ పెట్టిన షరతే. పెద్ద సంస్థలు తమంతట తాము పంపే సందేశాల నమూనాను ముందుగా ఆమోదింపజేసుకోవాలి. కస్టమరు చివరిసారి రాసినప్పటి నుంచి 24 గంటల లోపే స్వేచ్ఛగా జవాబివ్వగలవు. ఎక్కువమంది బ్లాక్ చేస్తే ఆ దెబ్బ వాళ్లకే తగులుతుంది. అంటే మన వేలికి మనం అనుకున్నదానికంటే ఎక్కువ బలమే ఉంది.

వ్యాపారుల మాటా వినాలి. "ఆన్‌లైన్ పోటీలో పేపరు ప్రకటనలకు డబ్బెక్కడ తేవాలమ్మా? ఈ మెసేజీలే మాకు ఆధారం" అంటారు. నిజమే. కుట్టు పూర్తయిందనో, మందు వచ్చిందనో చిన్న కబురు పంపితే ఒక ట్రిప్పు ఆటో ఖర్చు మనకే మిగులుతుంది. నేను కాదనేది మెసేజీని కాదు, అడగకపోవడాన్ని.

అన్నట్టు, ఇందులో మన ఆడవాళ్లూ ఉన్నారు సుమా! ఇంట్లోనే చీరలు, పచ్చళ్లు, మిల్లెట్ లడ్డూలు అమ్ముకునేవాళ్లు, పార్లరు నడిపేవాళ్లు ఎందరో. 2018 జనవరిలో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ వాళ్లకు పైసా ఖర్చు లేని కొట్టు. మా బంధువులమ్మాయి ఒకతె ఇలాగే చీరలు మొదలుపెట్టి, తెలిసిన రెండు వందల మందినీ ఒకే గ్రూపులో వేసేసింది. గ్రూపంటే అందరి నెంబర్లూ అందరికీ కనిపిస్తాయి కదా! వారం తిరక్కుండానే ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి కొందరికి మెసేజీలు మొదలయ్యాయి. సగంమంది బయటికి వెళ్లిపోయారు. పాపం, ఆ పిల్లకు దురుద్దేశం లేదు, తెలియదంతే.

గ్రూపు బదులు బ్రాడ్‌కాస్ట్ జాబితా పెట్టుకోవచ్చు. ఒక్కో జాబితాలో 256 మంది వరకు చేర్చవచ్చు. ఎవరి నెంబరూ మరొకరికి కనిపించదు. పైగా మన నెంబరు తన ఫోనులో దాచుకున్న ఆమెకే ఆ సందేశం చేరుతుంది. అక్కడే ఒక మర్యాద ఇమిడి ఉంది. వ్యాపారానికి విడిగా ఒక నెంబరు పెట్టుకోండి. మొదటి సందేశంలోనే మీరెవరో, నెంబరు ఎక్కడ తీసుకున్నారో చెప్పండి. "వద్దనుకుంటే వద్దు అని రాయండి" అన్న ముక్క చేర్చండి. పొద్దున తొమ్మిదికి ముందు, రాత్రి ఎనిమిది దాటాక పంపకండి. ధర అడిగితే "ఫోన్ చేయండి" అనకుండా ధరే రాయండి. ఫిర్యాదు వస్తే ఆ పూటే జవాబివ్వండి. ఓటీపీ మాత్రం ఎవర్నీ అడగవద్దు. పనివాళ్లు సొంత ఫోన్ల నుంచి కస్టమర్లకు రాయకూడదని గట్టిగా చెప్పండి.

ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేస్తున్న ఒకావిడను నాంపల్లిలో చూశాను. స్టేషనుకు దగ్గర్లో చిన్న గదిలో ఫాల్స్ కుడుతూ, పీకో చేస్తూ ఉంటుంది. ఆమె దగ్గరో నోటుబుక్కు ఉంది. నెంబరు రాసుకుంటూ "మెసేజ్ పెట్టాల్నా, ఫోన్ చేయాల్నా, ఏదీ వద్దా అమ్మా?" అని అడిగి పక్కన టిక్కు పెట్టుకుంటుంది. "కొందరి ఫోన్లు ఇంట్ల మగవాళ్ల దగ్గరుంటయమ్మా. మనం పెట్టిన మెసేజ్‌తో వాళ్లకు తిప్పలెందుకు?" అంది. పెద్ద కంపెనీలు లక్షలు పోసి నేర్చుకునే పాఠం ఆమెకు తోటి ఆడదాని కష్టం తెలిసి ఉండటం వల్ల అబ్బింది.

మరి మనం? "నెంబరు లేకుండా బిల్లు వేయండి" అని నెమ్మదిగా, గట్టిగా అనండి. ఏటా నాంపల్లిలో నుమాయిష్‌కు వెళ్తాం కదా, అక్కడైనా ఎక్కడైనా లక్కీ డ్రా చీటీ అనగానే నెంబరు రాసెయ్యకండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్లి, తెలిసినవాళ్లు తప్ప గ్రూపులో చేర్చలేకుండా మార్చుకోండి. విసిగించే కొట్టును బ్లాక్ చేసి, రిపోర్టు చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఎవరైనా హద్దు మీరి రాస్తే చెరిపేయకండి, స్క్రీన్‌షాట్ తీసి షీ టీమ్స్‌కు చూపించండి. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఇంట్లో మగవాళ్లకూ ఒక మాట. అలాంటి మెసేజ్ కనిపిస్తే "ఎవరితను?" అని భార్యను నిలదీసే ముందు, పంపినవాణ్ణి అడగండి.

నేను మళ్లీ ఆ బట్టల కొట్టుకు వెళ్లాను. యజమాని పెద్దాయన. నా నెంబరు తీసేయమన్నాను. ఆయన చిత్రంగా చూసి, "తీసేయిస్తానమ్మా. ఇన్నేళ్లలో ఇట్లా ఎవరూ అడగలేదు" అన్నాడు.

ఆయన అన్నది నిజమే, మనం అడగలేదు. ఇకనుంచి అడుగుదాం!