రిగ్గును వదిలేసి రైతు మీద పడితే ఎలా?

సంపాదకులకు,

అనుమతి లేకుండా బోరు వేసిన ప్రతి రైతుకూ భారీ జరిమానా వేయాలన్న లేఖ చదివాను. ఒప్పుకోలేను. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం బావులతోపాటు బోరు రిగ్గులకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే సాగుబోరు వేయకూడదంది. మిరప ఎండిపోతోందని అప్పు చేసి పరుగెత్తే కౌలురైతుకు ఇది తెలియకపోవచ్చు. రోజూ బోర్లు వేసే రిగ్గు యజమానికి తెలియదా?

మా దాచేపల్లి చుట్టూ సున్నపురాయి నేల. చీకటిపడ్డాక వచ్చిన రిగ్గు లారీ తెల్లారేసరికి పక్క చేలో మిరపాకుల మీద తెల్లటి దుమ్ము మిగిల్చి వెళ్లిపోతుంది. నీళ్లు పడకపోతే కేసింగు పైపు కూడా పీక్కుపోతారు. గుంత మీద గోనెసంచి కప్పుతారు. పసిపిల్లలు తిరిగే చోట! బోరుకు 15 రోజుల ముందే అధికారులకు తెలపాలని, పడని బోరును అడుగు నుంచి పైదాకా పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

అందుకే ముందు రిగ్గును సీజ్ చేయండి. రైతు జరిమానా ఆ తర్వాతి మాట. బోరు దరఖాస్తుకు ఎన్ని రోజుల్లో జవాబిస్తారో మండల కార్యాలయం గోడ మీద రాసిపెట్టాలి, రిజిస్టరైన రిగ్గుల నంబర్లతో సహా.

— ఒక మిరప రైతు, దాచేపల్లి, పల్నాడు జిల్లా