ఎకరం నేల లేనోళ్ళకి ఆటెక్కడిది?

ఫుట్‌బాల్ పేదోడి ఆట అంటారు. బంతి ఒక్కటుంటే ఇరవైరెండు మంది ఆడొచ్చు. బ్యాట్లు, ప్యాడ్లు, గ్లౌజులు కొనక్కర్లేదు. ఇంత చవకైన ఆటలో మన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు పేటల నుంచి విశ్వవిద్యాలయం జట్టు దాకా వెళ్ళినవాళ్ళు ఎంతమంది? మీ పేటలో మీరే వేళ్ళమీద లెక్కపెట్టి చూడండి.

"మీవాళ్ళకి ఆసక్తి లేదు" అంటారు కాలేజీ పెద్దలు. "ముందు చదువు, ఉద్యోగం. ఆ తర్వాతే ఆటలు" అంటారు మన ఇళ్ళల్లో పెద్దోళ్ళు. మొదటి మాట అబద్ధం. రెండో మాట భయంలోంచి వచ్చింది. అసలు సంగతి రెంటిలోనూ లేదు. అసలు సంగతి నేల.

బడిపంతుల్ని కాబట్టి లెక్క చెబుతాను. ఫుట్‌బాల్ రూళ్ళ ప్రకారం గ్రౌండు కనీసం 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే 4,050 చదరపు మీటర్లు. ఎకరం అంటే 4,047. చూశారా, రూలు పుస్తకం ఎకరం నేల అడుగుతోంది. పెద్ద పోటీలు జరిగే 105 మీటర్ల గ్రౌండయితే ఎకరం డెబ్బై ఆరు సెంట్లు. 2020 డిసెంబరులో మొదలెట్టిన ఇళ్ళ పట్టాల పథకంలో పల్లెటూళ్ళలో కుటుంబానికి ఇచ్చింది ఒకటిన్నర సెంటు. ఆ లెక్కన ఎకరంలో 66 స్థలాలు పడతాయి, మధ్యలో దారి వదలకపోతే. ఇరవైరెండు మంది ఆడుకునేచోట అరవై ఆరు కుటుంబాలు పుట్టాలి, పెరగాలి, చావాలి. అలాంటి పేటలో పిల్లాడు బంతి తంతే అది ఎవరి గోడకో తగులుతుంది, ఎవరి అన్నం గిన్నెలోనో పడుతుంది.

"కోనసీమలో ఖాళీ నేల ఎక్కడుందండీ" అంటారు. నిజమే, లేదు. ఎందుకు లేదో కూడా చెప్పుకుందాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో గజం నేల కూడా బంగారమైంది. ఆ బంగారం ఎవరి పట్టాల్లో చేరిందో మీకు తెలుసు. మన తాతలకి దక్కింది కొబ్బరి దింపు, ఒలుపు, వరి కోత. ఇవాళ రొయ్యల చెరువుకి పదెకరాలు దొరుకుతాయి. రియల్ ఎస్టేటు లేఅవుట్‌కి దొరుకుతాయి. పేట పిల్లల ఆటకి అనేసరికే నేల మాయమైపోతుంది.

"కాలేజీలో గ్రౌండుంది కదా, అక్కడ ఆడొచ్చుగా" అంటారా? సరే, కాలేజీ జట్టు సీజను మనోడికి ఎలా గడుస్తుందో చూడండి. కాలేజీ తెరిచిన కొన్నాళ్ళకే గోదావరి పొంగుతుంది. 2022 జూలైలో లంకలు ఎలా మునిగాయో చూశాం. నీళ్ళు తీసేదాకా బురద. తర్వాత సాయంత్రం ప్రాక్టీసు మొదలవుతుంది. ఊళ్ళో ఉన్నోడు మోటారు సైకిలు మీద వస్తాడు. లంక కుర్రాడు ఆ టైముకి రేవులో పడవ కోసం పరిగెత్తాలి. ఎంపికలు, అంతర కళాశాలల పోటీలు వచ్చేసరికి కోతలొస్తాయి. వాళ్ళమ్మ కువైట్లో ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. తండ్రి ఒక్కడే కోతకెళ్తే ఇల్లు గడవదు. కుర్రాడు నాలుగు రోజులు కూలికెళ్తాడు. నాలుగు రోజులు ప్రాక్టీసుకి రాలేదని పేరు కొట్టేస్తారు. ఆ కొట్టివేతకి వాళ్ళు పెట్టుకున్న పేరు "డిసిప్లిన్".

ఇక్కడ మన పెద్దోళ్ళు ఒకటి గమనించాలి. కాలేజీ జట్టులో రాణించినవాడు విశ్వవిద్యాలయం జట్టుకి వెళ్తాడు. ఆ జట్టు సౌత్ జోన్ పోటీలకి వెళ్తుంది. అక్కడ గెలిస్తే సర్ అశుతోష్ ముఖర్జీ ట్రోఫీకి, అంటే అఖిల భారత విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ పోటీలకి వెళ్తుంది. ఆ దారిలో వచ్చే సర్టిఫికెట్టే స్పోర్ట్స్ కోటా సీటుకీ, ఉద్యోగానికీ తాళంచెవి. కాబట్టి ఆట వేరు, ఉద్యోగం వేరు కాదు. మన రిజర్వేషన్ పేరెత్తితే "మెరిట్ చచ్చిపోయింది" అని గుండెలు బాదుకునేవాళ్ళు ఈ కోటా మీద ఒక్క కన్నీటిబొట్టు రాల్చగా ఎప్పుడైనా విన్నారా? ఎందుకు రాలుస్తారు? గ్రౌండు తాళాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

పేదోళ్ళ కాళ్ళకి నేల దొరికితే ఏమవుతుందో చెప్పడానికి పరాయి దేశం పోనక్కర్లేదు. హైదరాబాదు చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి, ఉస్మానియా జట్టుకి ఆడి, బడిపంతులుగా పనిచేసినాయన. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేదింటి బిడ్డ. పోలీసులు పారేసిన పాత బూట్లు కోయించి, రెండు రూపాయలకి ఆట బూట్లు కుట్టించుకున్న సంగతి ఆయనే చెప్పుకున్నాడు.

అక్కడి పిల్లల కాళ్ళు ఉక్కుతో, మన పిల్లల కాళ్ళు మట్టితో చేసినవా? కాదు. అక్కడ కంటోన్మెంటు మైదానాలున్నాయి, పోలీసు లైన్లున్నాయి, ఫతే మైదానం ఉంది. సైన్యం కోసం, సర్కారు కోసం ఖాళీగా వదిలిన నేల పేద పిల్లల కాళ్ళకిందికి వచ్చింది. మన దగ్గర అలాంటి నేల లేదు.

బలరాం బూట్లు కుట్టిన చేతుల సంగతి కూడా ఆలోచించండి. తోలు పని చేసినందుకే కదా మనల్ని ఊరవతలికి నెట్టారు! ఆ తోలుతోనే బంతి, ఆ తోలుతోనే బూటు. దేశ విభజన తర్వాత సియాల్‌కోట నుంచి జలంధర్‌కి తరలివచ్చిన ఆటసామాన్ల పరిశ్రమలో బంతులు కుట్టే చేతులు ఎక్కువగా దళితులవే. కుట్టడానికి మన చెయ్యి పనికొస్తుంది. తన్నడానికి మన కాలు పనికిరాదా?

గ్రౌండులోకి మనల్ని రానిస్తారు, కూలివాడిగా అయితే. పల్వాంకర్ బాలూ చమార్ కులస్థుడు. పూనాలో తెల్లవాళ్ళ క్రికెట్ క్లబ్బులో నెలకి నాలుగు రూపాయల జీతానికి పిచ్ చదును చేశాడు. తర్వాత 1911లో ఇంగ్లండు వెళ్ళి వందకి పైగా వికెట్లు తీశాడు. అంతటి ఆటగాడికి పూనా హిందూ జట్టువాళ్ళు పెవిలియన్ బయట మట్టి ముంతలో టీ పోశారు. కెప్టెన్ని మాత్రం చెయ్యలేదు. ఆ కుటుంబానికి కెప్టెన్సీ దక్కింది 1923లో, ఆయన తమ్ముడు విఠల్‌కి. పాతకాలం కబుర్లు అనకండి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన వందనా కటారియా జట్టు సెమీఫైనల్లో ఓడితే, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు.

మన జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. పేరు నిలబడింది. మంచిదే. కానీ ఆయన పేరున్న జిల్లాలో ఆయన పేటల పిల్లలకి ఆడుకోడానికి ఎకరం లేకపోతే ఆ పేరు బోర్డుమీదే మిగిలిపోతుంది.

అందుకని ఏం చెయ్యాలి? నాలుగు పనులు.

ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. మీ బడికి ఉందో లేదో చూడండి. ఉంటే కొలవండి. ఎవరైనా ఆక్రమించుకుంటే అర్జీ పెట్టండి. గంట కొట్టాక గేటుకి తాళం వేస్తే పేట పిల్లలకి తెరవమనండి.

రెండు. 2013లో వచ్చిన ఎస్సీ సబ్‌ప్లాన్ చట్టాన్ని 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. ఆ డబ్బుతో పేటపేటకీ ఎకరం కొనమని గ్రామసభలో తీర్మానం పెట్టండి.

మూడు. కాలేజీల్లో ఎంపికల తేదీ, ఎంపికైనవాళ్ళ పేర్లు, కాదన్నవాళ్ళకి కారణం నోటీసు బోర్డుమీద పెట్టమనండి. కోతల రోజుల్లో రాలేనివాడికి మళ్ళీ అవకాశం ఇమ్మనండి.

నాలుగు. ఆడపిల్లల్ని వదిలెయ్యకండి. నిజామాబాదు జిల్లా కిసాన్‌నగర్ తండా పిల్ల గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టుకి ఆడింది. తండాలో పుట్టిన కాలు దేశం తరఫున బంతి తన్నింది. మన పేట పిల్ల కాలు తన్నలేదా?

తల్లులారా, తండ్రులారా, "మనకెందుకురా ఆటలు" అనకండి. "మన ఎకరం ఏదిరా" అని అడగండి. గ్రామసభకి వెళ్ళేటప్పుడు చేతిలో కొలతాడు పట్టుకెళ్ళండి.