సీమంతం దాకా ఆగొద్దు! నెల తప్పిన నాడే జాగ్రత్త పడదాం!

అక్కలారా, చెల్లెళ్లారా, రైతన్నలారా, కౌలు రైతు సోదరులారా!

మన కాలవ రేవుల్లో ఎప్పుడూ చూసేదే. మందు కొట్టొచ్చిన మనిషి స్ప్రేయరు ట్యాంకు నీళ్లలో ముంచి కడుగుతాడు. పక్కనే ఆయన భార్య అదే చొక్కా, లుంగీ బండ మీద ఉతుకుతుంది. ఆమెకు నెల తప్పింది. ఆ సంగతి ఇంకా అత్తగారికి కూడా తెలీదు. దిగువన ఊరి మంచినీళ్ల చెరువుకెళ్లేవీ ఆ కాలవ నీళ్లే.

దిష్టి తగులుతుందని మూడో నెల దాకా కడుపు సంగతి బయటపెట్టం. కానీ బిడ్డ లోపల అసలు పని జరిగేది ఆ గుట్టు నెలల్లోనే! సుమారు ఎనిమిదో వారం నుంచి మగబిడ్డ ఒంట్లో టెస్టోస్టెరాన్ తయారవుతుంది. జననాంగాలు రూపు కట్టేది దానివల్లే. కొన్ని పురుగుమందులు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు ఈ హార్మోను పనికి అడ్డుపడతాయి.

ఇది పుకారు కాదు. 2005లో అమెరికాలో షానా స్వాన్ బృందం గర్భిణుల మూత్రంలో థాలేట్లు కొలిచింది. అవి ఎక్కువున్న తల్లుల మగశిశువుల్లో పురుష హార్మోను ప్రభావం తగ్గిన గుర్తులు కనబడ్డాయి. కేరళ కాసరగోడ్‌లో జీడితోటలపై ఏళ్ల తరబడి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లారు. అక్కడి మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యమయ్యాయని 2003లో మన దేశ పరిశోధకులే ప్రచురించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది. విషరసాయనాల నుంచి గర్భిణులను కాపాడాలని ప్రపంచ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫిగో 2015లోనే పిలుపిచ్చింది.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరొందల మందికి పైగా జబ్బుపడ్డారు. ఎంతోమంది మూర్ఛతో కూలిపోయారు. కళ్లెదుట పడిపోయారు కాబట్టి ఢిల్లీ నుంచి నిపుణులొచ్చారు. కానీ కడుపులో బిడ్డకొచ్చే హార్మోను తేడాకు మూర్ఛ రాదు, నొప్పి రాదు. దాన్ని చూసి ఎవరూ పరిగెత్తుకు రారు. మనమే మేలుకోవాలి.

చేలో:
• నెల తప్పిన ఆడమనిషిని మందు కలపడానికి, గుళికలు చల్లడానికి, కొట్టిన చేలో కలుపుకి పంపొద్దు. వేరే పని ఇవ్వండి, కూలి కోయకండి.
• డబ్బా మీద ఆకుపచ్చ డైమండ్ చూసి మెత్తని మందనుకోకండి. ఆ రంగు ఒంట్లోకి పోతే ఎంత విషమో చెబుతుందంతే, బిడ్డ హార్మోన్ల సంగతి చెప్పదు.

ఇంట్లో:
• మందు కొట్టిన బట్టలు కొట్టినవారే విడిగా ఉతుక్కోవాలి. ట్యాంకు కాలవలో కడగొద్దు.
• మందు డబ్బాల్లో నీళ్లు, నూనె పోయొద్దు.
• వేడి సాంబారు, టీ ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు. స్టీలు క్యారేజీ పట్టుకెళ్లండి.
• కూరగాయలు, పళ్లు ధారగా పడే నీళ్లలో బాగా కడగండి.

ఊళ్లో అడుగుదాం:
• మంచినీళ్ల చెరువులో పురుగుమందుల పరీక్ష చేయించి, ఫలితం సచివాలయం బోర్డు మీద పెట్టాలి. సార్వాకోసారి, దాళ్వాకోసారి!
• గర్భిణి పేరు రాసుకునే రోజే, చేలో మందు పని చేస్తున్నావా అమ్మా అని ఏఎన్ఎం, ఆశా అడగాలి.
• ఖాళీ మందు డబ్బాలు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ తీర్మానం చేయిద్దాం. అందరూ కదిలిరండి!

ఈ కాగితం పారేయకండి. నాట్ల ముఠా మేస్త్రికో, పక్కింటి కొత్త కోడలికో ఇవ్వండి.

ఇట్లు,
డెల్టా తల్లీబిడ్డల క్షేమం కోరే మీ సాటి ఊరివాళ్లు