రోగికి దంతధావనము

పాచినోటితో కాఫీ త్రాగబోయిన వానిని తెలుగింటి పెద్దలు నేటికిని మందలింతురు. పండ్లు తోముకొననిదే దేవునిగది గడప దాటరాదనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న నియమము. ఇంతటి నియమము గల యింటివారే, తమ తండ్రియో తల్లియో పక్షవాతము వలన గాని తుంటి ఎముక విరుగుట వలన గాని ఆసుపత్రి మంచము నెక్కిన నాటినుండి, రోగికి దుప్పటి మార్చుదురు, ఒడలు తుడుతురు, వేళ తప్పక మాత్రలు మింగింతురు, కాని నోటి సంగతి మాత్రము మరచిపోవుదురు. వారిని తప్పుపట్టుటకు వీలు లేదు. ఆ పని చేయుమని వారితో చెప్పు డాక్టరు అరుదు. చేయవలెనని కేసుషీటులో వ్రాయువారు మరింత అరుదు. ఈ యుపేక్ష ప్రాణములకే ముప్పు తెచ్చుచున్నదని ప్రయోగశాలలును చికిత్సాలయములును కలిసి చూపిన సాక్ష్యము మన వార్డుల గుమ్మము నింకను దాటి లోనికి రాలేదన్నదే నా ఆవేదన.

ఈ కథకు మొదలు చాల ప్రాతది. హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణమున బట్టల వర్తకుడైన లీవెన్‌హుక్, తాను స్వయముగా సానబట్టుకొనిన కటకముతో తన పండ్ల సందులలోని తెల్లని పాచిని పరిశీలించి, అందు కదలాడు సూక్ష్మజీవులను గూర్చి 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. ఆయన ప్రతి యుదయమును ఉప్పుతో పండ్లు రుద్దుకొను అలవాటు గలవాడు. అయినను పాచి నిలిచియుండెను. పాచిని వెనిగరుతో కలిపి చూచినప్పుడు అందలి జీవులు తక్షణమే చచ్చుచుండగా, అదే వెనిగరుతో నోరు పుక్కిలించినప్పుడు మాత్రము పై పొరలో నున్నవి మాత్రమే నశించి లోపలివి బ్రతికియే యుండుటను గమనించి, ద్రావకము పాచి లోపలి కంటా చొరలేదని ఆయన నిర్ణయించెను. సూక్ష్మజీవులకును రోగములకును గల సంబంధము లోకమునకు తెలియుటకు ఇంచుమించు రెండువందల యేండ్ల ముందు జరిగిన యీ చిన్న పరిశీలనలో నేటి శాస్త్రసారమంతయు ఇమిడియున్నదని నాకు తోచును.

ఏలయన, పంటిపై పాచి విడివిడి క్రిముల గుంపు కాదు. తాము స్రవించిన జిగురులో తామే చిక్కుకొని, పొరపై పొరగా అల్లుకొని, ఒకదాని నొకటి పోషించుకొను సూక్ష్మజీవుల కూటమి. కోనేటి మెట్లపై పాకుడు పైన ఎంత నీరు పారినను పోక, పీచుతో రుద్దిననే పోవునట్లు, ఇదియు మందునీటికి లొంగక రాపిడికి మాత్రమే లొంగును. డెన్మార్కులోని ఆర్హస్ దంతవైద్య కళాశాలలో హరాల్డ్ లో యను ఆచార్యుడును ఆయన సహచరులును 1965లో ప్రకటించిన ప్రయోగము, ఈ పాచిని తోమి తీయనిచో చిగుళ్ళు వాచునని నిస్సంశయముగా నిరూపించినది. ఆరోగ్యవంతములైన చిగుళ్ళు గల 12 మంది, అందు పెక్కుమంది విద్యార్థులే, పండ్లు తోముకొనుట పూర్తిగా మానివేసిరి; పది మొదలు ఇరువదియొక్క దినములలో అందరికిని చిగుళ్ళు వాచెను; మరల తోముకొన నారంభించిన ఇంచుమించు వారము దినములకే ఆ వాపు తీసెను. అరోగదృఢగాత్రులైన యువకుల నోటికే మూడు వారములలో ఆ గతి పట్టగా, చేయి కదపలేని వృద్ధుని మాట చెప్పనేల?

నోటిలోని క్రిములను సర్వరోగములకు మూలముగా చూపు ఉత్సాహము ఎంత దూరము పోగలదో కూడ మనకు చరిత్ర చూపినది. బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ 1910లో మాంట్రియల్‌లో నోటి చీము గురించి చేసిన ప్రసంగము తరువాత, కీళ్ళవాతము మొదలు మనోవ్యాధి వరకు ప్రతి రోగమునకును పండ్లు పీకించు వెఱ్ఱి కొన్ని దశాబ్దములు సాగెను. అమెరికాలోని ట్రెంటన్ మానసిక చికిత్సాలయమున హెన్రీ కాటన్ అను వైద్యుడు పిచ్చి కుదురునన్న నమ్మకముతో ఎందరో నిస్సహాయుల పండ్లు పీకించెను. మన కాలముననే, గర్భిణుల చిగుళ్ళకు చికిత్స చేసినచో నెల తక్కువ కాన్పులు తగ్గునని వైద్యులు గట్టిగా ఆశింపగా, 2006లో వెలువడిన పెద్ద పరీక్ష అట్టి ఫలము లేదని తేల్చెను. ఆ చికిత్స వలన హాని లేదనియు, చిగుళ్ళు బాగుపడినవనియు కూడ అదే పరీక్ష చెప్పెను. కావున గుండెపోటునకును, మతిమరుపునకును చిగుళ్ళతో ముడిపెట్టు వార్తలను నేను ఆచితూచియే చదువుదును. ఊపిరితిత్తుల విషయము మాత్రము వేరు.

మెలకువలో నున్నవానికి గుటక తప్పిన తోడనే పొలమారును. దగ్గి దగ్గి కన్నులు చెమర్చగా, ఎవరో తలచుకొనుచున్నారని మనము మాడు తట్టుదుము. ఆ దగ్గే మనకు కావలివాడు. వార్ధక్యమునను, పక్షవాతమునను, మత్తుమందుల వలనను ఆ కావలి సడలును. నిదురలో లాలాజలము చడిచప్పుడు లేక గాలిగొట్టములోనికి జారును, దానితోపాటు నోటిలో నున్నదంతయు జారును. ఇంటెన్సివ్ కేర్‌లో నున్న రోగుల పంటిపాచిలో న్యుమోనియా క్రిములు స్థావర మేర్పరచుకొనుచున్నవని అమెరికాలోని బఫెలో పరిశోధకులు 1992లోనే చూపిరి. ముక్కుగొట్టము ద్వారా ఆహారమిచ్చు రోగి నోటితో ఏమియు తినడు గనుక నోరు కడుగ నవసరము లేదని రోగి వెంట నుండువారు సాధారణముగా అనుకొందురు. నిజమునకు నమలుట లేక, ఉమ్మి ఊరక, నోరు తెరచి శ్వాసించుట వలన నాలుక అట్టగట్టి, పెదవులు పగిలి, ఆ నోరే అందరి నోళ్ళకంటెను వేగముగా చెడును.

జపానులో యోనెయామా అను దంతవైద్యుడును ఆయన సహచరులును 11 వృద్ధుల శుశ్రూషాలయములలో 417 మందిని రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మాత్రము ప్రతి భోజనానంతరము పరిచారకులచే పండ్లు తోమించి, వారమున కొకసారి దంతనిపుణులచే శుభ్రము చేయించిరి. రెండేండ్ల తరువాత చూడగా, అట్టి శ్రద్ధ లేని వర్గమున నూటికి 19 మందికి న్యుమోనియా రాగా, శ్రద్ధ పొందిన వర్గమున 11 మందికే వచ్చెను. న్యుమోనియా మరణములును సగమునకు తగ్గెను. 2002లో ప్రకటితమైన ఆ ఫలితములలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది, పండ్లన్నియు ఊడిన వృద్ధులకును ఈ మేలు కలుగుట. నాలుకయు, చిగుళ్ళును, కట్టుడుపండ్లును కూడ క్రిములకు నెలవులే గదా! జపానులోనే 85 ఏండ్లు పైబడిన 524 మందిని మూడేండ్లు కనిపెట్టి చూచిన మరియొక బృందము, కట్టుడుపండ్లు తీయకుండ నిదురించువారికి న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా నున్నదని 2015లో తెలిపెను. ఇది పరిశీలనయే గాని పరీక్ష కాదు. అయినను రాత్రి వానిని తీసి నీటిలో ఉంచుటకు పైసా ఖర్చు లేదు.

ఇక వెంటిలేటరుపై నున్నవారి సంగతి. వారి నోటిని క్లోర్‌హెక్సిడిన్ మందునీటితో తుడుచుట పెక్కు ఆసుపత్రులలో ఆచారమైనది. దాని వలన మేలు సందిగ్ధమనియు, మరణములు పెరుగునేమో యను శంక కలదనియు తోచి, అమెరికా వైద్యసంఘములు 2022 నాటి మార్గదర్శకములలో ఆ మందును తొలగించి బ్రష్షుతో తోముటను ముఖ్య విధిగా చేర్చినవి. బోస్టను పరిశోధకులు 15 పరీక్షలను కూర్చి 2023 చివర ప్రకటించిన సమీక్షలో, తోముట వలన ఆసుపత్రిలో సోకు న్యుమోనియా మూడవవంతు తగ్గినదనియు, ఆ మేలు ముఖ్యముగా వెంటిలేటరు రోగులకు కలిగినదనియు, దినమునకు రెండుమార్లు చాలుననియు తేలెను. లీవెన్‌హుక్ వెనిగరు చెప్పిన మాటయే ఇది.

మన నర్సులకు ఈ భారము కూడనా యని అడుగువారుందురు. రాత్రివేళ వార్డంతటికి ఒక్కరో ఇద్దరో నర్సులుండు స్థితి నేనెరుగుదును. ఆ కొరత తీర్చుట ప్రభుత్వమునకు మొదటి బాధ్యత. అంతవరకు చేయదగినది లేకపోలేదు. తెలుగు నాట రోగి ప్రక్కన ఇంటివారొకరు ఉండనే యుందురు. వారికి నేర్పిన చాలును. తల ఎత్తుగా నుంచి ప్రక్కకు త్రిప్పి, మెత్తని చిన్న బ్రష్షును తడిపి పిండి, పేస్టు బఠాణీగింజంత మించక వేసి, చిగుళ్ళ అంచువెంట మెల్లగా త్రిప్పి, నురుగును తడిగుడ్డతో తీసివేయవలెను. నోట నీరు పోయరాదు, పోసినచో అదియే ఊపిరితిత్తులకు చేరును. వెంటిలేటరు రోగికి మాత్రము ఇది నర్సే, సక్షన్ గొట్టము చేతబట్టుకొని చేయవలసిన పని. ఇంటివారికి ఈ పద్ధతి నేర్పుటకు మన దంతవైద్య కళాశాలల హౌస్ సర్జన్లను జనరల్ వార్డులకు వంతులవారీగా పంపుటకు అడ్డమేమున్నది? దంతవైద్యము వేరు కళాశాల, వేరు భవనము, వేరు శాఖగా పెరిగినంత మాత్రమున రోగి శరీరమున నోరు వేరు కాలేదు.

జ్వరము, నాడి, రక్తపుపోటు వ్రాయు చార్టులో నోటి శుభ్రతకు ఉదయము, రాత్రి అను రెండు గడులు చేర్చి, డ్యూటీలో నున్నవారు సంతకము చేయునట్లు నిబంధన పెట్టవలెనని రెండు తెలుగు రాష్ట్రముల ఆరోగ్యశాఖలను కోరుచున్నాను. రోగిని ఇంటికి పంపునాటి డిశ్చార్జి కాగితమున మాత్రల పట్టిక క్రింద ఆ రెండు వేళలను, కట్టుడుపండ్లు గలవారికి రాత్రి తీయవలెనను మాటను, తెలుగులో అచ్చువేయించవలెను.