ముసలి గొంతు, పడుచు పాట

"గొంతు పోయిందిరా. ఇక నన్నెవరూ పాడమనకండి" అన్నాడు మా అన్నయ్య, 2024 శ్రీరామనవమి మర్నాడు. అనడమే కాదు, హార్మొనీ పెట్టెను పాత దుప్పట్లో చుట్టబెట్టి అటకమీదికి ఎక్కించేశాడు.

సంగతేమిటంటే, అన్నయ్య వుద్యోగం వెలగబెట్టింది తాలూకా ఆఫీసులోనే అయినా, వూళ్ళో ఆయనకు పేరు తెచ్చింది పద్యం. రాయబారం నాటకంలో కృష్ణుడి వేషం కట్టి, నాలుగు శ్రుతిలో రాగం తీస్తే, చివరి వరసలో చుట్ట కాల్చుకుంటున్నవాళ్ళు కూడా లేచి "వన్స్‌మోర్" అని కేకలు పెట్టేవారు. ఆ నాటకాలు పోయినా, ఏటా నవమి పందిట్లో ఒక పద్యం చదవడం మాత్రం ఆయన మానలేదు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. ఆ యేడు కూడా నాలుగు శ్రుతే పెట్టుకున్నాడు. పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు జీరబోయి, పలికీ పలక్కుండా ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. అంతే!

వయసు మళ్ళినవాడు మానుకోవలసినవి చాలా వుంటాయి. ఆవకాయ మానమంటారు, అర్ధరాత్రి కబుర్లు మానమంటారు, స్టూలెక్కి బూజులు దులపడం మానమంటారు. సరే, మానేస్తాం. పాట కూడా ఆ జాబితాలో చేరవలసిందేనా?

ఈ ప్రశ్నకు జవాబు నాకు షికాగోలో దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ వేసవిలో నేనూ మా ఆవిడా షికాగోలో మా అబ్బాయి దగ్గర వున్నాం. ఒకరోజు వాడు ఆఫీసునుంచి వచ్చి, "నాన్నా, రోలింగ్ స్టోన్స్ వస్తున్నారు. నీకూ నాకూ టిక్కెట్లు కొన్నాను" అన్నాడు.

"ఎంత పెట్టావురా?"

"అది మాత్రం అడక్కు."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "80 ఏళ్ళ ముసలాయన గంతులేస్తుంటే చూడ్డానికి డబ్బిచ్చి వెళతారా? 72 ఏళ్ళ ముసలాయన్ని నేను రోజూ వూరికే చూస్తున్నాను" అంది.

రోలింగ్ స్టోన్స్ నాకు కొత్తవాళ్ళు కారు. 1970 ప్రాంతాల విశాఖపట్నంలో నేను చదువుకునే రోజుల్లో, హాస్టలులో ఒక మిత్రుడి దగ్గర రికార్డు ప్లేయరుండేది. వాళ్ళ పాట పెడితే వార్డెను మెట్లెక్కి వచ్చేదాకా మోగుతూనే వుండేది. వీళ్ళు 1962 జూలై 12న లండనులోని మార్కీ క్లబ్బులో ఆ పేరుతో మొదటిసారి పాడారు. గాయకుడు మిక్ జాగర్‌కూ, గిటారు వాయించే కీత్ రిచర్డ్స్‌కూ అప్పుడింకా 20 నిండలేదు. నేను వాళ్ళని చూడబోయేది అది జరిగిన 62 ఏళ్ళకు!

జూన్ 27 సాయంత్రం, సోల్జర్ ఫీల్డ్ అనే పెద్ద ఆటస్థలానికి వెళ్ళాం. 60 వేలమందికి పైగా పట్టే చోటు. ఎటు చూసినా నెరిసిన తలలు, బట్టతలలు, చేతికర్రలు. వాళ్ళ పక్కన మనవలు. ఆ యేటి పర్యటనకు అండగా నిలిచినదెవరనుకున్నారు? 50 దాటినవాళ్ళ క్షేమంకోసం పనిచేసే అమెరికన్ సంఘం! అది చదివి నాకు నవ్వాగలేదు.

జాగర్ వచ్చాడు. మరొక్క నెలలో 81 నిండబోతున్న మనిషి. వచ్చీ రావడంతోనే వేదిక ఈ చివరినుంచి ఆ చివరికి పరుగు. నిజం చెప్పొద్దూ, నా గుండె దడదడలాడింది, ఆయన పడిపోతాడేమోనని. 2019లో ఆయనకు గుండె కవాటానికి చికిత్స జరిగింది, పర్యటన వాయిదా పడింది. కోలుకుని జూన్ 21న మళ్ళీ మొదటిసారి జనం ముందుకొచ్చింది ఈ సోల్జర్ ఫీల్డులోనే. తండ్రి జో జాగర్ వ్యాయామోపాధ్యాయుడు. ఆ శిక్షణ వంటబట్టిందేమో, ఈ వయసులోనూ వ్యాయామం విడవని మనిషి.

అయితే పరుగులు చూసి అబ్బురపడటం వేరు, పాట బాగుందనడం వేరు. 80 ఏళ్ళవాడు పరిగెత్తితే ఎవరైనా చప్పట్లు కొడతారు. పాడగలడా, లేదా? అదీ నేను చూడదలచుకున్నది.

వయసుతోపాటు గొంతు మారక తప్పదు. స్వరతంత్రులు పలచబడతాయి, బిగువు సడలుతుంది. గొంతులోని మెత్తని ఎముక గట్టిపడుతుంది. వూపిరితిత్తులకు సాగే గుణం తగ్గుతుంది. అందుకే పైస్థాయి ముందు జారిపోతుంది, దమ్ము ఆగదు. మా అన్నయ్యకు జరిగింది అదే. రాక్ పాటగాడికి మరో చిక్కుంది, గ్రామఫోను రికార్డు. 25 ఏళ్ళప్పుడు పాడిన పాట అలాగే పడుచుగా వుండిపోయింది. వచ్చిన జనం చెవుల్లో అదే మోగుతూ వుంటుంది. ఆ ముసలాయన పోటీ పడవలసింది వేరే గాయకుడితో కాదు, 25 ఏళ్ళ తనతోనే.

ఆ పోటీలో నెగ్గడం ఎంత కష్టమో చూడండి. ఏరోస్మిత్ అనే బృందం పేరంతా గాయకుడు స్టీవెన్ టైలర్ అరిచినట్లు అందుకునే పైస్థాయిమీద నిలబడింది. 75 ఏళ్ళ వయసులో, 2023 సెప్టెంబరులో, వీడ్కోలు పర్యటన మొదట్లోనే ఆయన గొంతుకు దెబ్బ తగిలింది. ఎంత ప్రయత్నించినా పూర్తిగా బాగుపడలేదు. మరుసటి ఆగస్టులో, ఇక పర్యటనలు చెయ్యబోమని వాళ్ళు ప్రకటించారు. జెనెసిస్ బృందంలో ఫిల్ కాలిన్స్ డ్రమ్ములకు పెట్టింది పేరు. ఆఖరి పర్యటనలో ఆయన కుర్చీలో కూచుని పాడితే, డ్రమ్ములు కొడుకు వాయించాడు. 2022 మార్చిలో లండనులో ముగిసింది. స్వీడన్‌కు చెందిన ఆబా వాళ్ళది ఇంకో దారి. 2022 మే నెలలో లండనులో వాళ్ళొక ప్రదర్శన పెట్టారు. అందులో కనిపించేది 1979నాటి వాళ్ళ రూపాలు, యంత్రం సృష్టించిన బొమ్మలు. మనుషులు ఇంట్లో కూచున్నారు, పడుచుదనం వేదికెక్కింది! జనం సంతోషించారు. నాకు మాత్రం, పెళ్ళినాటి ఫోటోను పీటలమీద కూచోబెట్టి షష్టిపూర్తి చేసినట్లు అనిపించింది.

రాబర్ట్ ప్లాంట్ తెలివైనవాడు. లెడ్ జెపెలిన్ గాయకుడు, ఒకప్పుడు ఆ పైస్థాయికి ఎదురులేదు. 2007 డిసెంబరు 10న లండనులో పాత మిత్రులతో కలిసి ఒక్కరాత్రి పాడాడు. మళ్ళీ పర్యటన చేద్దామని లోకమంతా కోరింది. ఆయన సరే అనలేదు. ఆలిసన్ క్రౌస్ అనే గాయనితో కలిసి, గొంతు తగ్గించి, నెమ్మది పాటలు పాడుకున్నాడు. 2009లో ఆ సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ బహుమతి ఆ పాటలకే వచ్చింది.

మరి జాగర్ సంగతి? శ్రద్ధగా విన్నాను. ఆయన పాట మొదటినుంచీ మాటకు దగ్గర. ఆకాశాన్నంటే రాగాలు ఆయనకు అప్పుడూ లేవు, కనక ఇప్పుడు పోవలసినవీ తక్కువే. ఆడగొంతు చెలరేగవలసిన పాట వస్తే, షానెల్ హేన్స్ అనే గాయనిని ముందుకు పిలిచి, తను పక్కన నిలబడి ఆమెను మెరవనిచ్చాడు. కచ్చేరీ మధ్యలో ఆయన లోపలికి వెళ్ళి అలుపు తీర్చుకుంటే, కీత్ రిచర్డ్స్ తన పాటలు పాడాడు. గిటారు వాయించే ఆ వేళ్ళకు కీళ్ళవాతం. వాయించే తీరు దానివల్ల మారిందని 2023లో ఆయనే చెప్పుకున్నాడు. నాలుగు స్వరాలుండేచోట రెండే వాయిస్తున్నాడనిపించింది. ఆ రెండూ పడవలసిన చోట పడ్డాయి. 2021లో 80వ ఏట పోయిన చార్లీ వాట్స్ స్థానంలో స్టీవ్ జోర్డన్ డ్రమ్ముల ముందున్నాడు. లోటు లేదనను. రెండుమూడుచోట్ల పాట గతుకుల బాటలో బండిలా నడిచింది కూడా. అయినా ఆ రాత్రి మొత్తంమీద బాగా పాడారనే నా తీర్పు. ముసలివాళ్ళని జాలిపడి ఇచ్చిన మార్కులు కావవి.

ఎందుకు బాగుందా అని ఇంటికెళ్ళే దారిలో ఆలోచించాను. ఈ కుర్రాళ్ళు 1962లో పాడటం నేర్చింది ఎవర్ని చూసి? అమెరికాలోని నల్లజాతి బ్లూస్ గాయకులను చూసి. ఆ బృందం పేరు కూడా మడ్డీ వాటర్స్ 1950లో పాడిన పాటనుంచి తెచ్చుకున్నదే. మడ్డీ వాటర్స్ వుండిందీ, పాడిందీ ఈ షికాగోలోనే. 1981 నవంబరు 22న ఈ వూళ్ళోనే ఒక చిన్న క్లబ్బులో ఆయన పాడుతుంటే, స్టోన్స్ వెళ్ళి ఆయనతో కలిసి పాడారు. అప్పటికి ఆయనకు 60 దాటాయి. బ్లూసుకు వయసు మచ్చ కాదు. కష్టపడ్డ గొంతు, నలిగిన గొంతు అయితేనే దానికి అందం. అంటే స్టోన్స్ 20 ఏళ్ళప్పుడు పెద్దవాళ్ళను అనుకరించారు. ఇప్పుడు అనుకరించే పనిలేదు, వాళ్ళే పెద్దవాళ్ళయ్యారు. ముసలివాడు తన పడుచుదనాన్ని అనుకరిస్తే నవ్వులపాలు. తన వయసునే పాడితే మాత్రం ఎవరికీ నవ్వు రాదు.

ఇండియా తిరిగొచ్చాక అన్నయ్యతో ఇదంతా చెప్పాను. "అన్నయ్యా, గొంతు పోలేదు. శ్రుతి ఎక్కువైంది. రెండున్నరకు దించి పాడు" అన్నాను.

"నాలుగు శ్రుతిలో చదవని కృష్ణుడు కృష్ణుడేనట్రా?" అని కోప్పడ్డాడు. నోరు మూసుకున్నాను.

2025 జూలైలో ఒక పొద్దున, కాఫీ తాగుతూ ఆయనకు పేపరు చదివి వినిపిస్తున్నాను. బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్బర్న్ జూలై 22న చనిపోయాడని వార్త. 76 ఏళ్ళు. పార్కిన్సన్ జబ్బుతో నిలబడలేని స్థితి. సరిగ్గా 17 రోజుల ముందు, జూలై 5న, బర్మింగ్‌హామ్‌లో తను పెరిగిన పేటలోనే, పాత మిత్రులు ముగ్గురితోనూ కలిసి ఆఖరిసారి పాడాడు.

76 అనేసరికి అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు.

"నిలబడలేని వాడు ఎలా పాడాడురా?"

"సింహాసనంలాంటి కుర్చీలో కూచుని."

"గొంతు పలికిందా?"

"అక్కడక్కడా పలకలేదట."

"మరి జనం నవ్వలేదూ?"

"లేదన్నయ్యా. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు."

అన్నయ్య మరి మాట్లాడలేదు. మిగిలిన కాఫీ చల్లారిపోయింది.

మూడోనాడు సాయంత్రం వాళ్ళింటికి వెళితే, మా వదిన గుమ్మంలోనే ఎదురై వేలు పెదవులమీద పెట్టుకుంది. దుప్పటి వాకిట్లో దులిపి ఆరేసి వుంది. లోపలి గదిలోంచి హార్మొనీ మోత. పద్యం ఇంకా ఎత్తుకోలేదు, శ్రుతి చూసుకుంటున్నాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు, తడుముకుంటూ కిందికి దిగుతున్నాడు.

నేనూ వదినా చప్పుడు చెయ్యకుండా అరుగుమీద కూచున్నాం.