నిషేధిత జాబితా నుంచి మా పట్టా భూములను తొలగించాలని వినతి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రెవెన్యూ శాఖ మంత్రి గారి సముఖమునకు,

విషయం: పట్టా భూములను నోటీసు లేకుండా రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఎ నిషేధిత జాబితాలో చేర్చడం, తొలగింపులో జాప్యం, భూరికార్డుల పేరిట ప్రజాధనం ఖర్చు గురించి.

అయ్యా,

ఈ కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టినవాళ్లం మా మండలంలోని సన్నకారు రైతులం, ఊరి పొలిమేరలో నాలుగైదు సెంట్ల ఇంటి స్థలం కొనుక్కున్నవాళ్లం. మాలో అన్ని పార్టీలకూ ఓటేసినవాళ్లున్నారు. మమ్మల్ని ఒకచోట చేర్చింది ఒక్కటే: మా సర్వే నంబర్లన్నీ నిషేధిత జాబితాలో ఉన్నాయి. ఎందుకు చేర్చారో మాకెవరూ చెప్పలేదు. చేర్చిన సంగతి కూడా మాలో చాలామందికి పొలం అమ్మబోయినప్పుడో, బిడ్డలకు భాగాలు రాయబోయినప్పుడో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు గుమ్మంలోనే తెలిసింది.

మా దగ్గర కాగితాలు లేక కాదు. అడంగల్‌లో మా పేరుంది, 1బిలో మా పేరుంది, పట్టాదారు పాస్ పుస్తకం ఉంది, లింకు దస్తావేజులున్నాయి, ఈసీ తీస్తే మా నాన్నల కాలం నుంచి లావాదేవీలు వరసగా కనిపిస్తాయి. ఇవన్నీ ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చినవే. ఇవాళ ఒక అమ్మకం దస్తావేజుకు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం కడుతున్నాం. ఆ డబ్బు కట్టించుకున్న రోజున ఈ భూమి మీది కాదని ఏ అధికారీ అనలేదు. ఫీజు తీసుకుని, దస్తావేజు చేతికిచ్చి, ఇరవై ముప్పై ఏళ్లయ్యాక ఇది ప్రభుత్వ భూమేమో అని అనుమానించి ఆపేస్తే, మేం ఎవరి సంతకాన్ని నమ్మాలి?

ప్రభుత్వ భూములను కాపాడవద్దని మేం అనడం లేదు. చెరువు, వాగు, శ్మశానం, గుడి మాన్యం ఆక్రమణకు గురైతే ముందుగా నష్టపోయేది మా ఊళ్లే. వాటి కోసం 22-ఎ ఉండాల్సిందే. అయితే ఆ సెక్షన్ వచ్చిన తీరును ఒక్కసారి గుర్తుచేయాలి. రిజిస్ట్రేషన్‌ను ఆపే అధికారాన్ని హద్దులు లేకుండా ప్రభుత్వం చేతిలో పెట్టిన ఇలాంటి సెక్షన్‌నే 2005లో రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాతే, 2007లో, మన రాష్ట్రం ఐదు క్లాజులతో కొత్త 22-ఎ తెచ్చింది. అందులో చివరిదైన ‘ఇ’ క్లాజును వాడాలంటే ఆస్తి వివరాలూ కారణాలూ చూపి గెజిట్‌లో ప్రకటించాలి. 2015 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ ఇంకా స్పష్టంగా చెప్పింది: ఏ ఆస్తిని ఏ క్లాజు కింద పెట్టారో జాబితాలో రాయాలి, ‘ఎ’ క్లాజు అయితే ఏ చట్టం ప్రకారం నిషేధమో, ‘బి’ అయితే ఆ భూమి రాష్ట్రానిదో కేంద్రానిదో తెలపాలి. పదేళ్లు దాటాయి. మేం అడిగితే ఇప్పటికీ చేతికొచ్చే జవాబు ‘కలెక్టరాఫీసు నుంచి లిస్టు వచ్చింది’ అనే.

మా ఊళ్లో ఒక సర్వే నంబరు సంగతి చెబుతాం. మొత్తం ఏడెకరాల చిల్లర. దాని తూర్పు అంచున వాగు పోరంబోకు ముప్పాతిక ఎకరం ఉంది. మిగతాదంతా ఐదు కుటుంబాల పట్టా. ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పుస్తకం)లో వాగు గట్టు గీత స్పష్టంగానే ఉంది. వాగును సబ్‌డివిజన్ చేసి, ఆ ముక్క ఒక్కటే జాబితాలోకి పంపితే ఎవరికీ పేచీ ఉండేది కాదు. సబ్‌డివిజన్ చేయడానికి సర్వేయరు కొలవాలి, ఫైలు నడవాలి. ఆ పని చేయకుండా సర్వే నంబరు మొత్తాన్ని రాసి పంపారు. ఆ ఐదు కుటుంబాల్లో ఒకావిడ భర్త గుండె ఆపరేషన్‌కు ఎకరం అమ్మకానికి పెట్టింది. కొనేవాడు అడ్వాన్సు ఇచ్చాడు, దస్తావేజు రాయించారు, స్లాట్ కూడా దొరికింది. కంప్యూటర్‌లో నంబరు కొట్టగానే నిషేధం అని వచ్చింది. అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది, ఆపరేషన్ నూటికి మూడు రూపాయల వడ్డీతో జరిగింది. ఆ వడ్డీ ఆవిడ ఇప్పటికీ కడుతోంది. ఆ భూమి మీద ఆమెకున్న హక్కును ఏ కోర్టూ రద్దు చేయలేదు, ఏ అధికారీ విచారించలేదు. ఒక గుమాస్తా సబ్‌డివిజన్ రాయకపోవడం వల్ల ఇంత జరిగింది.

చుక్కల భూములదీ ఇదే దారి. బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో ఆనాటి సిబ్బంది చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలకు నూరేళ్ల తర్వాతి రైతు జవాబు చెప్పాల్సి వచ్చింది. 2017లో వీటి కోసమే ఒక చట్టం చేశారు, 2023లో 2 లక్షల ఎకరాలకు పైగా జాబితా నుంచి తీసేశారు. సంతోషమే. కానీ ఒక్క ప్రకటనతో అంత భూమిని తీసేయగలిగారంటే, అన్నేళ్లు దాన్ని ఎందుకు బంధించినట్టు? ఆ ఏళ్లలో జరగని పెళ్లిళ్లకు, కట్టలేని ఫీజులకు, పోయిన బేరాలకు ఎవరు బాధ్యులు?

పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల్లోనూ తిరకాసు ఉంది. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 జీవో రాకముందు ఇచ్చిన డీకేటీ పట్టాలకు అమ్మకూడదనే షరతు లేదు. 1977 చట్టం షరతు ఉన్న పట్టాలకే వర్తిస్తుందని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. అయినా రికార్డులో ‘అసైన్డ్’ అని కనిపిస్తే చాలు, తేదీ చూడకుండా జాబితాలోకి ఎక్కిస్తున్నారు. 2023లో చట్టం సవరించి, ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కులు (ఫ్రీహోల్డ్) ఇచ్చారు. తర్వాత వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయని ఆ రిజిస్ట్రేషన్లను నిలిపేసింది. అక్రమం చేసినవాణ్ణి పట్టుకోండి, అడ్డం రాము. పేదల దగ్గర ముందే అగ్రిమెంట్లు రాయించుకున్న పెద్దవాళ్లున్నారని మాకూ తెలుసు. వాళ్ల పాపానికి రెండెకరాల అసలు లబ్ధిదారు భూమిని కూడా తాళం వేసి ఉంచడం న్యాయం కాదు.

జాబితా నుంచి బయటపడాలంటే మేం తిరిగే తిరుగుడు మీకు తెలియాలి. మీసేవలో అర్జీ, వీఆర్వో రిపోర్టు, తహసీల్దారు ప్రతిపాదన, ఆర్డీవో సిఫారసు, ఆపైన జాయింట్ కలెక్టర్, కలెక్టర్. ఎక్కడో ఒకచోట పాత రిజిస్టర్ నకలు కావాలంటారు. ఆ రిజిస్టర్ ఉండేది వాళ్ల రికార్డు రూములోనే. అది చినిగిపోయిందనో, దొరకలేదనో ఎండార్స్‌మెంట్ ఇచ్చి మా అర్జీని మూసేస్తారు. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రెవెన్యూ దస్త్రాలు కాలిపోయాయి. ప్రభుత్వం తన కాగితాన్ని కాపాడుకోలేకపోతే, ఆ లోటును రైతు ఖాతాలో ఎలా వేస్తారు? కోర్టుకెళ్లి గెలిచినవాళ్లు కూడా ఆ ఆర్డరు అమలు కోసం మళ్లీ ధిక్కార పిటిషన్లు వేసుకుంటున్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వని పరిస్థితి మాది.

ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుంచి బయటికి పోయింది. దాని బదులు 300-ఎ అధికరణం వచ్చింది: చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ హరించకూడదు. ఆ మాటలో ఏమేముందో 2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు విడమర్చింది. ముందు నోటీసివ్వాలి, అభ్యంతరం వినాలి, కారణాలు రాసి నిర్ణయం చెప్పాలి, ప్రజాప్రయోజనం ఉండాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, పని సక్రమంగా నడపాలి, గడువులో ముగించాలి. ఆ తీర్పు భూసేకరణ గురించి వచ్చిందని మాకు తెలుసు. సేకరణలోనైతే కనీసం డబ్బు చేతికొస్తుంది. నిషేధిత జాబితాలో భూమి మా పేరునే ఉంటుంది, దాని విలువ మాత్రం ఉండదు, పరిహారం పైసా రాదు. నోటీసు, విచారణ, కారణం, గడువు ఇక్కడే ఎక్కువ అవసరం.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేం. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చిన భూమి హక్కు చట్టంలో హక్కు తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి, ప్రభుత్వం నియమించే అధికారుల చేతిలో పెట్టారు. లాయర్లు, రైతులు రోడ్డెక్కారు. 2024లో ఆ చట్టాన్ని రద్దు చేసినందుకు ఈ ప్రభుత్వానికి కృతజ్ఞతలు. కానీ నిషేధిత జాబితా విషయంలో ఆ చట్టపు పోకడే నేటికీ నడుస్తోంది: చేర్చేదీ రెవెన్యూ శాఖే, తీర్పు చెప్పేదీ అదే. పక్కన తెలంగాణలో 2020 అక్టోబరులో తెచ్చిన ధరణిలోనూ రైతులు ఇలాగే చిక్కుకుని, చివరికి ఆ వ్యవస్థనే మార్చుకోవాల్సి వచ్చింది.

డబ్బు సంగతికి వస్తాం. 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వేలో మా పొలాల గట్ల మీద నాటిన రాళ్ల మీద అప్పటి పథకం పేరు చెక్కించారు, పాస్ పుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ వేయించారు. ప్రభుత్వం మారింది, రాళ్ల మీద పేరు చెరపడానికి ఖర్చు, రాజముద్రతో కొత్త పుస్తకాలు అచ్చు వేయడానికి ఖర్చు. పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు, సుప్రీంకోర్టు చెప్పేదాకా తుడవలేదు. అది 2020 సంగతి. వేసిందీ మా డబ్బే, తుడిచిందీ మా డబ్బే. ఇంత ఖర్చయ్యాక మా రీసర్వే ఫలితం ఏమిటంటే, అన్నదమ్ముల వేర్వేరు చెక్కలకు కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు, కొందరి విస్తీర్ణంలో సెంట్ల కొద్దీ కోత. వాగు ముక్కను విడగొట్టడానికి సర్వేయరు లేడంటారు. రాయి చెక్కడానికి మనిషి దొరికాడు.

కాబట్టి మేం కోరేది ఇది.

ముందుగా, భారం తిప్పండి. ఫలానా భూమి ప్రభుత్వానిదని అనుకుంటే ఆ సంగతి ప్రభుత్వమే కాగితంతో రుజువు చేయాలి. పట్టాదారుకు రాతపూర్వక నోటీసు ఇచ్చి, విని, క్లాజుతో, కారణంతో ఉత్తర్వు ఇచ్చాకే ఏ సర్వే నంబరైనా జాబితాలోకి వెళ్లాలి. ఇప్పటికే చేర్చిన ప్రైవేటు పట్టాలకు 90 రోజుల్లో అలాంటి ఉత్తర్వు చూపలేకపోతే, మేం అర్జీ పెట్టకుండానే వాటంతట అవే తొలగిపోవాలి.

సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైతే ఆ విస్తీర్ణాన్నే నిషేధించాలి. కొలిచే ఖర్చు ప్రభుత్వానిదే.

1954 జూన్ 18కి ముందరి పట్టాలను ఊరూరా గ్రామసభ పెట్టి పరిశీలించి, ఒకేసారి విడుదల చేయాలి. ఫ్రీహోల్డ్ భూముల విచారణకు తేదీ ప్రకటించి, ఆ తేదీ దాటాక అనుమానం లేని భూములను ఆపకూడదు.

ఆఫీసులో రికార్డు లేకపోతే రైతు దగ్గరున్న దస్తావేజు, ఈసీ, పన్ను రసీదులను సాక్ష్యంగా తీసుకోవాలి. తప్పుగా చేర్చినట్టు తేలితే పరిహారం ఇవ్వాలి, నిర్లక్ష్యం చేసిన అధికారి జీతం నుంచి రాబట్టాలి.

రీసర్వేకు, రాళ్లకు, పుస్తకాల అచ్చుకు, మార్పులకు ప్రభుత్వాలు ఎంత ఖర్చు పెట్టాయో జిల్లాల వారీగా శాసనసభ ముందు పెట్టాలి. ఇకపై ఏ భూమి పత్రం మీదా, ఏ హద్దురాయి మీదా ఏ నాయకుడి పేరూ బొమ్మా ఉండకూడదని చట్టంలోనే రాయాలి.

మంత్రివర్యా, మేం ప్రభుత్వ భూమి సెంటు కూడా అడగడం లేదు. మాది మాకు వదలమంటున్నాం. ఈ వినతికి 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వాలని, మా మండలానికి ఒక సీనియర్ అధికారిని పంపి ఊళ్లోనే, అందరి ముందే, సర్వే నంబరు వారీగా రికార్డులు తీసి చూపించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
నిషేధిత జాబితాలో భూములున్న రైతులు, ఇంటి స్థలాల యజమానులు